మావాడు మొద్దు కాదు

సాయంత్రం ఆరు దాటింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నాలుగో తరగతి చదివే పిల్లవాడు పలక ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పలక మీద ఒక లెక్క ఉంది. 32లో నుంచి 15 తీసెయ్యాలి. నిన్న ఇదే లెక్క చేశాడు. సరిగ్గానే చేశాడు. ఇవాళ రావడం లేదు.

"నిన్ననే కదరా చెప్పాను! బుర్రలో ఏముంది, మట్టా?" అని నాన్న అరిచాడు.

చెల్లెలు రెండో తరగతి. "నాకు వచ్చు నాన్నా, నేను చేస్తా" అని ముందుకొచ్చింది. పిల్లవాడు పలక విసిరికొట్టాడు. పెరట్లోకి పోయి మేకపిల్ల దగ్గర కూర్చున్నాడు.

తల్లి ఏమీ అనలేదు. పొద్దున బడిలో విన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. "వీడికి చదువు ఎక్కదమ్మా. ఏదైనా పనిలో పెట్టండి" అన్నారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. చాలా ఇళ్లలో జరిగేదే. ఇలాంటి బిడ్డ మన ఇంట్లో ఉండొచ్చు. పక్కింట్లో ఉండొచ్చు. ఆ బిడ్డ నిజంగా మొద్దా? నిజంగా చదువు రాదా? రండి, తెలుసుకుందాం.

అందరూ ఒకేలా నేర్చుకోరు

అక్కా, ఒక్కసారి మన సంగతే ఆలోచించండి. మనం రాత్రిబడిలో చేరిన రోజు గుర్తుందా? 'అ' దిద్దడానికి ఎన్ని రోజులు పట్టింది? ఒకామెకు రెండు రోజుల్లో వచ్చింది. ఒకామెకు పది రోజులు పట్టింది. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ మరిచిపోయాం. మళ్లీ దిద్దాం. చివరికి ఇద్దరికీ వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ ఈ పుస్తకం చదువుతున్నారు.

పిల్లలూ అంతే. కొందరు ఒకసారి చెబితే పట్టుకుంటారు. కొందరికి పదిసార్లు చెప్పాలి. మెల్లగా చెప్పాలి. చూపించి చెప్పాలి. అప్పుడు వాళ్లకూ వస్తుంది. వీళ్లను 'నెమ్మదిగా నేర్చుకునే పిల్లలు' అంటారు. బడిలో పంతుళ్లు 'స్లో లెర్నర్స్' అంటారు.

గట్టు మీద పిల్లలు

తెలివిని అంచనా వేయడానికి ఒక పరీక్ష ఉంది. దాన్ని ఐ.క్యూ. పరీక్ష అంటారు. ఇలాంటి పరీక్షను 1905లో ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన, సిమోన్ అనే డాక్టరుతో కలిసి తయారుచేశాడు. బడిలో వెనకబడిన పిల్లల్ని గుర్తించి, వాళ్లకు తగినట్టు చదువు చెప్పాలని ఆయన ఉద్దేశం. పిల్లల మీద ముద్ర వేయాలని కాదు.

ఈ పరీక్షలో ఆ వయసు పిల్లల సగటును 100 అని పెట్టుకుంటారు. 70 కంటే తక్కువ వచ్చి, రోజువారీ పనులు కూడా నేర్చుకోలేకపోతే దాన్ని మేధో వైకల్యం అంటారు. 70కీ 85కీ మధ్య వచ్చే పిల్లలు కొందరు ఉంటారు. వీళ్లను డాక్టర్లు 'బార్డర్‌లైన్' అంటారు. అంటే సరిహద్దు. మన మాటలో చెప్పాలంటే గట్టు.

ఈ పరీక్ష లెక్క ప్రకారం నూటికి 13, 14 మంది పిల్లలు ఈ గట్టు మీద ఉంటారు. 30 మంది ఉన్న తరగతిలో నలుగురు అన్నమాట. తక్కువేం కాదు.

రెండు మడుల మధ్య గట్టు ఉంటుంది. నీళ్లు ఈ మడికీ పారతాయి. ఆ మడికీ పారతాయి. గట్టుకు పారవు. ఈ పిల్లల సంగతీ అంతే. మామూలు పిల్లలతో సమానంగా పరుగెత్తలేరు. వైకల్యం ఉన్నవాళ్ల కోసం 2016లో ఒక చట్టం వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆ పట్టికలో నెమ్మదిగా నేర్చుకునే పిల్లల పేరు లేదు. అందుకని వీళ్లకు ఆ సర్టిఫికెట్టు రాదు.

పైకి చూస్తే ఏ తేడా కనబడదు. ఆడుతారు. మాట్లాడతారు. దుకాణానికి పోయి ఉప్పు తెస్తారు. అందుకే పెద్దవాళ్లు "వీడికి అన్నీ తెలుసు, చదువంటే బద్ధకం" అనుకుంటారు. దెబ్బలు పడేది అక్కడే.

ఎలా గుర్తుపట్టాలి?

ఒకటి, రెండు తరగతుల్లో అంతగా తెలియదు. అక్షరాలు దిద్దుతారు. బోర్డు మీద ఉన్నది చూసి రాస్తారు. మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి అర్థం చేసుకుని రాయాలి. అక్కడ చిక్కు వస్తుంది. ఇవి చూడండి.

- నిన్న వచ్చిన పాఠం ఇవాళ మరిచిపోతాడు.
- చూసి రాస్తాడు. రాసింది చదవమంటే చదవలేడు.
- మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిది చేసి ఆగిపోతాడు.
- కూడికలు వస్తాయి. "ఐదు రూపాయలకు ఒక పెన్సిలు, నాలుగు పెన్సిళ్లు ఎంత?" అంటే తెల్లబోతాడు.
- తనకంటే చిన్నపిల్లలతో ఆడుకోవడానికి ఇష్టపడతాడు.
- బడికి పోయే వేళకు కడుపునొప్పి అంటాడు. ఆదివారం ఏ నొప్పీ ఉండదు.

ఒకటి రెండు గుర్తులు చాలామంది పిల్లల్లో ఉంటాయి. అంతమాత్రాన భయపడొద్దు. ఏళ్ల తరబడి, అన్ని పాఠాల్లోనూ ఇలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

ముందు ఇవి చూడండి

చదువు రాకపోతే తెలివి తక్కువ అని వెంటనే అనుకోకూడదు. వేరే కారణాలు ఉండొచ్చు.

బోర్డు మీద అక్షరాలు మసకగా కనబడుతున్నాయేమో. చెవిలో చీము కారి వినికిడి తగ్గిందేమో. రక్తం తక్కువగా ఉందేమో. రక్తం తక్కువైతే నీరసం వస్తుంది, పాఠం మీద ధ్యాస నిలవదు. కడుపులో నులిపురుగులు ఉన్నాయేమో. పనులకోసం వలస పోయి నెలల తరబడి బడి పోయిందేమో.

ఇంటి భాష వేరైనా కష్టమే. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే బిడ్డకు బడిలో తెలుగు కొత్త. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు ఇంగ్లీషు మీడియం కొత్త. అది భాష రాకపోవడం. తెలివి లేకపోవడం కాదు.

2013 నుంచి పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఒకటి ఉంది. బడికీ అంగన్‌వాడీకీ డాక్టర్లు వచ్చి పిల్లల్ని చూస్తారు. వాళ్లు వచ్చిన రోజు బిడ్డను బడి మాన్పించవద్దు. కళ్లు, చెవులు, రక్తం చూడమని అడగండి.

ఇవన్నీ బాగుండి కూడా చదువు రాకపోతే, పిల్లల మనస్తత్వం తెలిసిన నిపుణుల చేత పరీక్ష చేయించాలి. బిడ్డకు వచ్చిన భాషలోనే పరీక్ష జరగాలి. మండలంలో 'భవిత' కేంద్రం ఎక్కడుందో బడిలో అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ టీచర్లు ఉంటారు. ఎక్కడికి పోవాలో దారి చెబుతారు. సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్ ఉంది. అక్కడ 1984లో పెట్టిన జాతీయ సంస్థలో కూడా ఇలాంటి పరీక్షలు చేస్తారు.

ఇది ఎవరి తప్పు?

"గ్రహణం రోజు నువ్వు బయట తిరిగావు, అందుకే వీడిట్లా పుట్టాడు" అని అత్త అంటుంది. "మీ పుట్టింటి పోలిక" అని మొగుడు అంటాడు. తల్లి కుమిలిపోతుంది.

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా పుట్టడం, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి తిండి చాలకపోవడం, అయోడిన్ అందకపోవడం కొన్ని కారణాలు. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఉంటుంది. చాలాసార్లు కారణం తెలియనే తెలియదు. అందుకని ఎవరినీ నిందించి లాభం లేదు.

కడుపుతో ఉన్న అమ్మాయికి మంచి తిండి పెట్టాలి. ఐరన్ మాత్రలు వేయించాలి. అయోడిన్ ఉప్పే వాడాలి. కల్లు, సారా ముట్టకూడదు. పుట్టబోయే బిడ్డ మెదడుకు ఇవి మేలు చేస్తాయి.

ఇంకొక మాట. దీన్ని మాన్పే టానిక్కు లేదు. "ఈ సీసా తాగిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పప్పు కొనండి. తాయెత్తులకూ ఖర్చు పెట్టొద్దు. ఈ బిడ్డకు కావలసింది మందు కాదు. నేర్పే పద్ధతి.

ఇంట్లో ఎలా నేర్పాలి?

మనం బావి నుంచి నీళ్లు తెస్తాం. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. మూడో బిందె ఇస్తే? ఉన్నవి కూడా కింద పడతాయి. ఈ పిల్లల బుర్ర కూడా ఒకేసారి ఎక్కువ మోయలేదు. "పుస్తకం తియ్యి, 24వ పేజీ చూడు, మూడో లెక్క నోటుబుక్కులో రాయి" అంటే మూడు బిందెలు ఇచ్చినట్టే. ఒక మాట చెప్పండి. అది చేశాక ఇంకో మాట చెప్పండి.

రెండో సంగతి. చేత్తో పట్టుకున్నది గుర్తుంటుంది. ఆ పిల్లవాడికి రాని లెక్కనే చూద్దాం. 32లో నుంచి 15 తియ్యాలి.

చీపురు పుల్లలు తీసుకోండి. పదేసి పుల్లలు లెక్కబెట్టి దారంతో కట్టండి. 32 అంటే మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. బిడ్డ ముందు పెట్టండి. "నాకు 15 ఇవ్వు" అని అడగండి. 15 అంటే ఒక కట్ట, ఐదు విడి పుల్లలు. కానీ విడి పుల్లలు రెండే ఉన్నాయి. ఏం చేయాలి? తొందరపడి చెప్పకండి. వాడిని చూడనివ్వండి. కాసేపటికి వాడే ఒక కట్ట విప్పుతాడు. విప్పకపోతే మీరు విప్పి చూపండి. ఇప్పుడు విడి పుల్లలు 12 అయ్యాయి. ఐదు ఇస్తే ఏడు మిగిలాయి. ఉన్న రెండు కట్టల్లో ఒకటి ఇస్తే ఒకటి మిగిలింది. ఒక కట్ట, ఏడు పుల్లలు. మొత్తం 17.

బడిలో దీన్ని "పక్క నుంచి అప్పు తేవడం" అంటారు. అంకెకు అప్పు ఏమిటో వాడికి అర్థం కాలేదు. కట్ట విప్పడం మాత్రం కళ్లకు కనబడింది.

కొన్ని రోజులు పుల్లలతో చేయించండి. తర్వాత పలక మీద గీతలు గీసి చేయించండి. ఆ తర్వాత అంకెలతో చేయించండి. ఒక మెట్టు గట్టిపడ్డాకే ఇంకో మెట్టు.

మూడో సంగతి. రోజూ కొంచెం. ఒక్క పూట రెండు గంటలు కూర్చోబెట్టి తిట్టేకంటే రోజూ పావుగంట మేలు. ఇవాళ నేర్పింది రేపు అడగండి. మూడు రోజులకు అడగండి. వారానికి అడగండి. మరిచిపోతే కోప్పడకండి. మళ్లీ చెప్పండి. మరిచిపోవడం, మళ్లీ నేర్చుకోవడం ఈ పిల్లల దారి.

నాలుగో సంగతి. పనిలో పాఠం కలపండి. దుకాణానికి తోడు తీసుకుపోండి. 32 రూపాయల సరుకు, 50 నోటు. "చిల్లర ఎంత రావాలి?" అని వాడినే అడగండి. బస్సు మీద ఊరి పేరు చదివించండి. బియ్యం గ్లాసుతో కొలిపించండి.

ఐదో సంగతి. పోలిక పెట్టొద్దు. "నీ చెల్లెల్ని చూసి సిగ్గు తెచ్చుకో" అనకండి. "నిన్న రెండు చేశావు, ఇవాళ మూడు చేశావు" అనండి. వాడిని వాడితోనే పోల్చండి.

బడిలో ఏం అడగాలి?

పంతులుగారితో పోట్లాడవద్దు. అలాగని వెనక్కీ తగ్గవద్దు. ఆయన ముందు చాలామంది పిల్లలు ఉంటారు. మన బిడ్డ సంగతి మనమే చెప్పాలి. ఇలా అడగొచ్చు.

"సార్, మావాడికి నెమ్మదిగా చెబితే వస్తోంది. ఇంట్లో పుల్లలతో చేయిస్తున్నాను. వాడిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. పది లెక్కలు ఇచ్చే చోట నాలుగు ఇవ్వండి. రాయలేకపోతే నోటితో చెప్పనివ్వండి. పరీక్షలో కొంచెం ఎక్కువ సేపు ఇవ్వండి. అందరి ముందు నిలబెట్టి చదవమనకండి. వాడికి ఎంతవరకు వచ్చో చెప్పండి, అక్కడి నుంచి మొదలుపెడదాం."

ఈ చివరి మాట ముఖ్యం. నాలుగో తరగతి బిడ్డకు రెండో తరగతి చదువే వస్తే, రెండు నుంచే మొదలుపెట్టాలి. తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి పిల్లల్ని జట్లుగా చేసి, రోజూ కొంతసేపు నేర్పే పద్ధతి ఉంది. ప్రథమ్ అనే సంస్థ మన దేశంలో చాలా రాష్ట్రాల్లో దీన్ని చేసి చూపించింది. వెనకబడిన పిల్లలు చదవడం నేర్చుకున్నారు.

చట్టం మన వైపు ఉంది

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది. ఈ చట్టం ఏం చెబుతోంది?

- ప్రతి బిడ్డ ఎంత నేర్చుకోగలడో టీచరు చూడాలి. అవసరమైతే విడిగా ఎక్కువ పాఠం చెప్పాలి.
- పిల్లల్ని కొట్టకూడదు. మాటలతో హింసించకూడదు.
- ఎనిమిదో తరగతి అయ్యేదాకా బిడ్డను బడి నుంచి తీసెయ్యకూడదు.
- సర్కారు బడి కమిటీలో ప్రతి నలుగురిలో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి.

2019లో చట్టం కొంచెం మారింది. 5, 8 తరగతుల్లో తప్పిన పిల్లల్ని అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చు. అలా ఉంచాలన్నా, ముందు విడిగా పాఠాలు చెప్పాలి. రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకుని అడగండి.

"పనిలో పెట్టండి" అనే మాట ఇక ఎవరన్నా అంటే చెప్పండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం నేరం.

పదో తరగతి దగ్గర చాలామంది ఆగిపోతారు. అక్కడితో బతుకు ఆగిపోదు. ఓపెన్ స్కూల్ ఉంది. అక్కడ అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కరలేదు. ఇప్పుడు రెండు, తర్వాత రెండు రాసుకోవచ్చు. నెమ్మదిగా నడిచే బిడ్డకు అది మంచి దారి.

ఆడపిల్ల అయితే

మగపిల్లవాడికి చదువు రాకపోతే పనిలో పెడతారు. ఆడపిల్లకు రాకపోతే పెళ్లి చేసేస్తారు. "తెలివి తక్కువ పిల్ల, ఎవరో ఒకరి చేతిలో పెడితే బరువు దిగుతుంది" అంటారు. బరువు దిగదు. ఆ పిల్ల నెత్తికి ఎక్కుతుంది.

ఈ పిల్లలు మనుషుల్ని తొందరగా నమ్ముతారు. డబ్బు లెక్క తెలియకపోతే మోసపోతారు. తీపి మాటలు చెప్పి ఎవరైనా వెంట తీసుకుపోవచ్చు. అందుకే ఈ పిల్లలకే చదువు ఇంకా ఎక్కువ అవసరం. సంతకం చేసే ముందు చదవాలని నేర్పండి. ఎవరు ముట్టుకుంటే వద్దని అరవాలో నేర్పండి. ఇంటి ఫోను నంబరు నోటికి వచ్చేలా చేయండి. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయకండి.

మళ్లీ ఆ ఇంటికి

ఆ తల్లి ఏం చేసింది? మర్నాడు సాయంత్రం చీపురు పుల్లలతో మూడు కట్టలు కట్టింది. పెరట్లో మేకపిల్ల దగ్గరే కొడుకు పక్కన కూర్చుంది. "నాకు 15 ఇవ్వరా" అంది. వాడు చాలాసేపు చూశాడు. మేకపిల్ల ఒక పుల్ల నోట పట్టుకుంటే లాక్కున్నాడు. తర్వాత ఒక కట్ట విప్పాడు. ఒక్కొక్కటే లెక్కబెట్టి తల్లి చేతిలో పెట్టాడు. మిగిలినవి చూసి "పదిహేడు" అన్నాడు.

మూడో రోజు మళ్లీ మరిచిపోయాడు. ఆమె మళ్లీ కట్ట కట్టింది.

వాళ్ల నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. ఈసారి అరవలేదు. "చీపురు అంతా అయిపోయేట్టుందే" అన్నాడు.

అక్కా, గట్టుకు నీళ్లు పారవని అనుకున్నాం. కానీ మన రైతులు గట్టును వదిలేస్తారా? గట్టు మీద కంది వేస్తారు. నాలుగు చెంబుల నీళ్లు పోస్తే అదీ కాస్తుంది. మన బిడ్డా అంతే.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీకు అక్షరాలు నేర్పినప్పుడు మీకు ఏ పద్ధతి బాగా పనికొచ్చింది? అదే పద్ధతి మీ పిల్లలకు పనికొస్తుందా?
2. మీ ఊళ్లో 'మొద్దు' అని పిలిచే పిల్లలు ఉన్నారా? వాళ్లకు ఏ పనులు బాగా వచ్చు?
3. మీ ఊరి బడి కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఈ పాఠంలోని ఏ సంగతి అక్కడ అడుగుతారు?
4. చీపురు పుల్లలతో 41లో నుంచి 26 తీసి చూడండి. ఎంత మిగిలింది?